ఉత్తి నాబు

ఎల్లేష్ చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఎందుకంటే ఇక్కడి నుంచి చెప్పబోయేదంతా అతని నెత్తి మీదికే వస్తుంది.

మేడ్చల్‌లో బస్ డిపో దాటి నాలుగడుగులు వేస్తే, టైర్ల దుకాణానికీ వీరయ్య చాయ్ బండికీ మధ్య ఒంటి మడిగె అతనిది. బండ్ల కరెంటు పని. ముప్పై ఏళ్ల చేయి. "గీ వైరే" అని వేలు చూపించాడంటే అదే వైరు, పందెం కాయొచ్చు. పనిలో వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. వంకంతా మాటలో ఉంది. "రేపు రా" అన్నాడంటే ఆ రేపు ఏ వారంలో పడుతుందో దేవుడికి కూడా తెలియదు. పనోడన్నాక ఆ మాత్రం ఉంటుంది లెమ్మని అందరూ నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వే అతన్ని పాడు చేసింది.

కార్తీకం నుంచి అతనికి దేనికీ ఏమీ అనిపించడం లేదు. పొద్దున షటర్ ఎత్తుతాడు, పొద్దుగూకాక దించుతాడు. మధ్యలో ఎవరి బండి వచ్చిందో, ఎవరు తిట్టారో, ఎవరు నవ్వారో గుర్తుండదు. ఒకరోజు భార్య సత్తమ్మ కూరలో ఉప్పు మరిచిపోయి, తను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక నాలుక కరుచుకుని చూస్తే, ఈయన అప్పటికే కంచం ఊడ్చేసి చేయి కడుక్కుంటున్నాడు. "గిదేం మనిషివయ్యా! ఉప్పులేదని నోరు తెర్సి చెప్పొద్దా?" అంది. "లేదా?" అన్నాడు. అంతే. సత్తమ్మకు భయం వేసి తెల్లారి దిష్టి కూడా తీసింది. దిష్టి తీస్తే పోయే సంగతి కాదది.

సంగతి ఏమిటో అతనికి తెలుసు. తెలిసే అటు తిరిగి చూడడం లేదు.

వెంకటరామయ్య గారని ఒక పెద్దాయన ఉండేవారు. భీమవరం వైపు మనిషి, ఇంజనీరుగా చేసి రిటైరై బహదూర్‌పల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఆయనకు మీగడ రంగు అంబాసిడర్ ఒకటి. నలభై ఏళ్లుగా ఒకే కారు, ఒకే డ్రైవరు, ఆ డ్రైవరు ఆయనే. పోయిన దసరా ముందు రోజు ఆ కారు హెడ్‌లైట్లు వెలగడం మానేశాయి. డ్యాష్‌బోర్డు మీద లైట్ల నాబు ఉంటుంది కదా, సగం లాగితే చిన్న లైట్లు, మొత్తం లాగితే పెద్ద లైట్లు. దాని వెనక స్విచ్చి లోపల కాలిపోయింది.

"స్విచ్చి కతం సారు. కొత్తది రాణిగంజ్‌ల బండ్ల సామాన్ల దుకాణాలల్ల దొరుకుతది. రెండు దినాలాగుండ్రి, నేనే వొయ్యి తెస్తా. అందాంక పని నడిపిస్తా," అన్నాడు ఎల్లేష్. బయట పన్నెండు బండ్లు నిలబడి ఉన్నాయి. తెల్లారితే వాహన పూజ. ప్రతివాడికీ హారన్ మోగాలి, లైటు వెలగాలి. అందుకని పాత స్విచ్చి వైర్లు కత్తిరించి, డ్యాష్‌బోర్డు కింద మోకాలి దగ్గర ఇంట్లో ఫ్యానుకు వాడే బటన్ ఒకటి బిగించి, ఆ వైర్లు దానికి కలిపాడు. టంకం వేయలేదు. మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. రెండు రోజుల ముచ్చటే కదా.

పాత స్విచ్చి పీకేద్దామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "అక్కడ బొక్క కనిపిస్తే బోడిగా ఉంటుందయ్యా. ఉండనీ, కొత్తది వచ్చినప్పుడే తీద్దువు," అన్నారు. అలా నాబు దాని చోట అది ఉండిపోయింది. లాగితే వస్తుంది, నొక్కితే పోతుంది. వెనక వైరు లేదు, వెలగడానికి ఏమీ లేదు. ఉత్తి నాబు.

"లైట్లకు గీ కింది బటన్ ఒత్తాలె సారు. పైదాంతోని పన్లేదు, యాదుంచుకోండ్రి."

"నలభై ఏళ్ల చేయి కదయ్యా, పైకే పోతుంది. అలవాటు చేసుకోవాలి," అని నవ్వారాయన.

రెండు రోజులు పోయాయి. దీపావళి పోయింది. పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ "రేపు పక్కా సారు" అన్నాడు. రాణిగంజ్ ఏమైనా కాశీయా? ఇక్కడ బస్సెక్కితే గంటన్నర. వెళ్లలేదు. ఒకరోజు పని ఉండి, ఒకరోజు పని లేక, ఒకరోజు ఒళ్లు బద్ధకించి వెళ్లలేదు.

కార్తీకంలో ఒక సాయంత్రం వెంకటరామయ్య గారు లాల్‌గడి మలక్‌పేట్ ఊళ్లో తన స్థలంలోని నిమ్మ మొక్కలకు నీళ్లు పోసి తిరిగి వస్తూ, మలుపులో కల్వర్టు గోడకు కారు కొట్టేశారు. స్టీరింగు గుండెలో దిగింది. ఆసుపత్రి చేరేలోపే పోయారు.

మర్నాడు వీరయ్య చాయ్ పోస్తూ చెప్పాడు: "అంబాసిడర్ సారు గోడకు కొట్టి వోయిండంట. ఫోన్ జూస్కుంట నడిపిండంట. పోలీసులు గట్లనే రాసిండ్రంట."

ఎల్లేష్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఏదో వణుకు మొదలైంది గానీ, 'ఫోన్' అన్న మాట వినగానే ఆగిపోయింది. ఫోన్ అట. ఇంకేం, ఫోనే. ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. కారు చూడటానికి వెళ్లలేదు. పదకొండో రోజున కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు. వెళ్తే ఎక్కడ ఏం కంటపడుతుందోనని. చూడకుండా ఉండటం మరిగినవాడికి, మెల్లమెల్లగా ఏదీ కనిపించకుండా పోయింది.

రెండున్నర నెలలైంది. మాఘమాసం ఎండ చురుక్కుమంటున్న పూట, పదకొండు గంటలకు, ఆ అంబాసిడరే వచ్చి మడిగె ముందు ఆగింది.

దిగింది ఒక ఆడమనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు.

"ఎల్లేష్ గారంటే మీరేనా? నేను వెంకటరామయ్య గారి అమ్మాయిని, హరిచందన. నాన్న ఫోన్లో మీ నంబరు 'ఎల్లేష్, మంచి పనివాడు' అని ఉంది. అందుకే వచ్చాను."

"కూసోండ్రి అమ్మా," అన్నాడు ఎల్లేష్. స్టూలు తుడిచి వేశాడు. ఆ మాటకు గుండెలో గుచ్చుకోవాలి. గుచ్చుకోలేదు. అతనికే వింతగా అనిపించింది.

"సుచిత్ర దగ్గరి షెడ్డులో టింకరింగ్ చేయించాను. కొత్త స్టీరింగ్, కొత్త బల్బులు, అన్నీ అయ్యాయి. కానీ లైట్లు వెలగట్లేదు. నాబు బయటికొచ్చి ఇరుక్కుపోయింది, లోపలికి వెళ్లట్లేదు. స్విచ్చి పాడైందేమోనని కొత్తది తెచ్చాను," అంటూ బ్యాగులోంచి చిన్న అట్టపెట్టె తీసింది. "కారు అమ్మేస్తున్నాం. కొనేవాళ్లు శనివారం వస్తారు. లైట్లు వెలిగితేనే తీసుకుంటారట."

"గిది... ఏడ దొరికిందమ్మా?"

"రాణిగంజ్‌లో. నిన్న వెళ్లాను. రెండో షాపులోనే ఉంది, అరగంట పట్టింది."

ఎల్లేష్ చేయి చాచాడు. పెట్టె తీసుకున్నాడు.

పని మొదలుపెట్టాడు. బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కకు తోశాడు. లైట్ల స్విచ్చి తీయాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు నాబు పూర్తిగా బయటికి లాగి పట్టుకోవాలి. అప్పుడు దాని కాడకు అడుగున సూది మొన పట్టేంత రంధ్రం కనిపిస్తుంది. అందులో సన్నటి పుల్ల దూర్చి నొక్కితే నాబు ఊడి చేతిలోకి వస్తుంది. ఆ తర్వాత చుట్టూ ఉన్న రింగు నట్టు విప్పితే స్విచ్చి వెనక్కి జారుతుంది. ఎల్లేష్ సైకిల్ పుల్ల అరగదీసి ఈ పనికోసమే ఒక పనిముట్టు చేసి పెట్టుకున్నాడు. అది పట్టుకుని డ్రైవర్ సీట్లో కూర్చుని చేయి చాచాడు.

నాబు లాగే పని పడలేదు. అది ముందే బయటికి ఉంది, కడదాకా.

పోలీసులు లాగారేమో అనుకున్నాడు. టింకరింగ్ వాడు లాగి ఉంటాడనుకున్నాడు. నొక్కి చూశాడు, కదల్లేదు. టార్చి వేసి వంగి చూస్తే, నాబు కాడ మొదట్లో కిందికి వంగి ఉంది. లోపల ఉన్న కాడ వంగదు, స్విచ్చి దాన్ని కాపాడుతుంది. అది బయటికి లాగి ఉన్నప్పుడే, దాన్ని పట్టుకున్న చేతి బరువు మీద పడితేనే వంగుతుంది. అంటే కారు గోడకు కొట్టిన క్షణానికి నాబు లాగి ఉంది, పెద్దాయన చేయి దాని మీద ఉంది.

ఎల్లేష్ వెల్లకిలా డ్యాష్‌బోర్డు కింద దూరాడు. మోకాలి దగ్గర బటన్ ఆన్‌లోనే ఉంది. వెనక అతను చుట్టిన టేపు వేడికి కరిగి జారిపోయింది. మెలిపెట్టిన వైర్లు విడిపోయి చెరో దిక్కూ చూస్తున్నాయి. రాగి కొసలు నల్లగా మాడి ఉన్నాయి.

జరిగిందంతా అర్థమైంది అతనికి. మలుపులో లైట్లు ఆరిపోయాయి. చిమ్మచీకటి. కంగారులో నలభై ఏళ్ల చేయి కింది బటన్ వైపు పోలేదు, పైకి పోయింది. లాగింది. వెలగలేదు. వెనక ఏమీ లేదు మరి.

అయినా అతనికి ఏమీ కాలేదు. కటింగ్ ప్లేయర్ చేతిలో ఉంది, చేయి వణకలేదు. ఆ వైరు కొసలు కత్తిరించి జేబులో వేసుకోవాలనిపించింది. రెండు నిమిషాల పని. బటన్ పీకేస్తే, వంగిన స్విచ్చి పాత సామాను డబ్బాలో పడేస్తే, శనివారం కారు వెళ్లిపోతే, ఇక ఈ లోకంలో ఎవడికీ తెలియదు.

"ఆ బటన్ ఏంటండీ?" కిటికీ దగ్గరికి వచ్చి వంగి చూస్తోంది హరిచందన.

"గిదా... ఎవలో ఫాగ్ లైట్లకు వెట్టినట్టున్నరు. పాతది," అన్నాడు ఎల్లేష్. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, దానికోసం ఊపిరి కూడా తీసుకోలేదు.

ఆమె తల ఊపి స్టూలు దగ్గరికి పోయింది. ఎల్లేష్ పుల్ల దూర్చి నాబు ఊడదీశాడు. రింగు నట్టు విప్పాడు. స్విచ్చి చేతిలోకి వచ్చింది, పక్కన పెట్టాడు. కొత్తదాన్ని తిప్పి చూసి, ఏ వైరు ఎక్కడికో మనసులో లెక్క వేసుకుని ఒక్కొక్కటే కలపసాగాడు. గోధుమ రంగుది కరెంటు తెచ్చేది, ఎర్రది చిన్న లైట్లది, నీలంది పెద్ద లైట్లది. ఈసారి టంకం వేశాడు. అడక్కుండానే వేశాడు.

ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. అతనితో అని కాదు. రోడ్డు వైపు చూస్తూ, ఎవరిదో కథ చెబుతున్నట్టు.

"ఆ రోజు ఏడూ పదికి ఫోన్ చేశాను. చీకటి పడింది కదా, ఎక్కడున్నారో అడుగుదామని. డ్రైవింగ్‌లో ఫోన్ ఎత్తరని తెలుసు. తెలిసీ చేశాను. రింగవుతూ రింగవుతూ మధ్యలో ఆగిపోయింది. గోడకు కొట్టింది కూడా అప్పుడేనట. ఫోన్ కోసం చూసుకుంటూ కొట్టారని పోలీసులు రాశారు."

ఎల్లేష్ చేతిలో టంకం పుల్ల ఆగింది.

"మూడో రోజున అమ్మ అందరి ముందూ అంది. 'నువ్వా ఫోన్ చేయకపోతే మీ నాన్న ఇంటికొచ్చేవారే' అని. అంతే. తర్వాత ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్నా గోడ వైపు చూస్తుంది. అమ్మ అన్నది నిజమే కదా. నాకు కోపం కూడా రాదు. ఏడుపూ రాలేదు, చితి దగ్గర కూడా రాలేదు. ఆఫీసుకు వెళ్తాను, వస్తాను. మా పాప సహస్రకి జడ వేస్తాను. అది నొప్పెడుతోందని అరిచేదాకా నా చేయి ఎంత గట్టిగా లాగుతోందో నాకు తెలియదు." ఇటు తిరిగింది. "ఇవన్నీ మీకెందుకు చెబుతున్నానో. పనైందా అండీ?"

"అయింది," అన్నాడు ఎల్లేష్.

బ్యాటరీ వైరు బిగించాడు. "ఒకసారి లాగి చూడుండ్రి," అని సీట్లోంచి దిగాడు. ఆమె ఎక్కి కూర్చుని కొత్త నాబు సగం లాగింది, చిన్న లైట్లు వెలిగాయి. మొత్తం లాగింది. మడిగె వెనక గోడ మీద రెండు పెద్ద వెలుగులు పడ్డాయి. చూసింది. నొక్కేసింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"థాంక్సండీ. ఎంతివ్వమంటారు?"

ఇంతే. ఆ ప్రశ్నకు ఒక అంకె చెబితే చాలు. ఆమె ఇచ్చి వెళ్లిపోతుంది. బతికినన్నాళ్లూ తండ్రిని తనే చంపానని అనుకుంటూ, కూతురి జడ గట్టిగా లాగుతూ ఉంటుంది. తల్లి గోడ వైపు చూస్తూ ఉంటుంది. ఎల్లేష్ షటర్ ఎత్తుతూ దించుతూ ఉంటాడు. థూ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది అతనికి. రెండున్నర నెలల్లో ఏదైనా అనిపించడం అదే మొదలు.

పక్కన పెట్టిన పాత స్విచ్చి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"సారు ఫోన్ ముట్టలేదమ్మా."

"ఏంటీ?"

"సారు ఫోన్ ముట్టనే లేదు. ఆయన చెయ్యి గీ నాబు మీద ఉండె. సూడుండ్రి, కాడ ఎట్ల వంగిందో. లాగి వట్టుకున్నప్పుడు గోడకు కొట్టింది గాబట్టే గిట్ల వంగింది. లైట్లు పోయినయమ్మా. మలుపుల లైట్లు పోయినయి, చీకట్ల ఏం కనవడలే సారుకు. నాబు లాగిండు. గది వెలగది. దాని వైర్లు నేనే తీసేసిన."

ఎల్లేష్ ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి, ఆగకుండా చెప్పాడు. దసరా సంగతి, పన్నెండు బండ్ల సంగతి, కింది బటన్, టంకం లేని జాయింటు, రెండు ఫోన్లు, రెండుసార్లు చెప్పిన 'రేపు'. ఏదీ దాచలేదు. డ్యాష్‌బోర్డు కిందికి వంగి చూడమని, బటన్‌కు వేలాడుతున్న మాడిన వైరు ముక్కలు చూపించాడు. వాటిని అతను కత్తిరించలేదు. బటనూ పీకలేదు.

"మీరు జేసిన ఫోన్‌తోని ఏం గాలేదు. నా పనితోనే అయింది. రాణిగంజ్ వోతే అర్ధగంటల దొరుకుతుండె. నేను వోలే."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. హరిచందన స్విచ్చిని రెండు చేతులతో పట్టుకుని, వంగిన చోట బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది.

"బటన్ గురించి అడిగితే అబద్ధం ఎందుకు చెప్పారు?" అంది చివరికి.

"భయమయిందమ్మా."

"ఇప్పుడు భయం వేయట్లేదా?"

"అవుతాంది."

ఆమె ఫోన్ తీసి ఒక నంబరు నొక్కి, స్పీకరు పెట్టి అతని చేతిలో పెట్టింది. "మా అమ్మ, పేరు అమ్మాజీ. నాకు చెప్పినట్టే చెప్పండి. ఒక్క ముక్క వదలొద్దు."

అటు రింగవుతోంది. ఎల్లేష్ ముప్పై ఏళ్లలో ఎన్నో షాకులు తిన్నాడు, ఆ రింగుకు పడ్డంత భయం ఎప్పుడూ పడలేదు. చాలాసేపటికి ఎత్తారు. "ఊఁ" అన్నారు అటు నుంచి. పేరు పెట్టి పిలవలేదు.

"అమ్మాజీ అమ్మా, నేను మేడ్చల్ ఎల్లేష్‌ను. సారు కారు లైట్లు జేసేటోణ్ని," అని మొదలుపెట్టాడు. అదే వరసలో అన్నీ చెప్పాడు. అటు నుంచి చప్పుడు లేదు. పెట్టేశారేమోనని తెర చూసుకున్నాడు, లైను ఉంది.

"అయితే ఆయన ఫోన్ చూళ్లేదంటావు," అన్నారు అమ్మాజీ.

"లేదమ్మా. అంత జల్దీల ఫోన్ ఎవలు జూస్తరు? లైట్ల కోసం లాగిండు."

"నువ్వు చెప్పకపోతే ఇది మాకెప్పటికైనా తెలిసేదా?"

"తెల్వకపోతుండె."

"రెండున్నర నెలల్నుంచి దాని మొహం చూళ్లేదయ్యా నేను," అన్నారావిడ. ఎల్లేష్‌ను తిట్టలేదు, శపించలేదు. అతను తిట్టు కోసం కాచుకుని ఉన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "దానికివ్వు ఫోను," అన్నారు.

హరిచందన స్పీకరు తీసేసి చెవికి పెట్టుకుంది. "అమ్మా" అంది. అటు నుంచి ఏమన్నారో ఎల్లేష్‌కు వినిపించలేదు. ఆమె సీట్లోంచి దిగి కారు తలుపు పట్టుకుని అలాగే కిందికి జారి, గ్రీజు మరకల నేల మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడవడం మాత్రం చూశాడు. మంచినీళ్ల సీసా తెచ్చాడు. దగ్గరికి వెళ్లి ఇచ్చే అర్హత తనకుందో లేదో తేల్చుకోలేక దాన్ని పట్టుకుని అంత దూరంలో నిలబడ్డాడు. సీసాలో నీళ్లు చప్పుడు చేస్తున్నాయి.

చాలాసేపటికి ఆమె లేచి కొంగుతో ముఖం తుడుచుకుంది. తనే వచ్చి సీసా తీసుకుని తాగింది.

"మిమ్మల్ని క్షమించేశానని అనుకోకండి," అంది.

"అనుకోనమ్మా."

"స్టేషన్‌లో రాసిన కాగితం మార్చాలి. మీరు వచ్చి చెప్పాలి. మీకేమవుతుందో నాకు తెలీదు."

"వస్తా."

ఎల్లేష్ షటర్ దించాడు. తాళం చెవి రంధ్రంలో పట్టడం లేదు, రెండుసార్లు జారి కింద పడింది. హరిచందన తీసి తాళం వేసి చెవి అతనికిచ్చింది. పాత స్విచ్చిని రుమాల్లో చుట్టి డ్యాష్‌బోర్డు మీద పెట్టింది.

"ఎనక కూసుంటనమ్మా," అన్నాడు.

"ముందే కూర్చోండి. స్టేషన్‌కి వెళ్లే దారిలో బహదూర్‌పల్లిలో అమ్మని ఎక్కించుకుంటాం, తను వెనక కూర్చుంటుంది." కారు స్టార్ట్ చేసి, రోడ్డు వైపు చూస్తూ, కాసేపు గేరు వేయకుండా ఆగింది. "అప్పటిదాకా నాకు ఇంకోసారి చెప్పండి. నాన్న చెయ్యి ఎక్కడుందో, అక్కడ్నుంచి చెప్పండి."

ఎల్లేష్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా చెప్పాడు. "సారు ఫోన్ ముట్టలేదమ్మా. చెయ్యి నాబు మీదనే ఉండె."

"ఇంకోసారి," అంది హరిచందన.